పూలు లేని పెట్టెలు

మా మనవడు శ్రీకాంత్ మిఠాయి డబ్బా పట్టుకుని వచ్చిన రోజు నాకు ఒంట్లో బాగాలేదు. ఒంట్లో అనడం మర్యాదకు, నిజానికి మనసే బాగాలేదు. కరోనా మొదలై నెలలు గడిచాయి. అల్వాల్‌లో మా వీధిలో పొద్దున లేస్తే అంబులెన్సు కూత, లేకపోతే ఎవరో ఒకరు ఇల్లు ఖాళీ చేస్తున్న చప్పుడు. ఎదురింటి కింది వాటాలో టిఫిన్లు అమ్ముకునే ఆలుమగలు ఉండేవాళ్లు. ఇడ్లీ పాత్రలూ, మంచమూ, చంటిపిల్ల ఉయ్యాలా ఒక ట్రాలీ ఆటోలో వేసుకుని, వెళ్లొస్తాం అమ్మా అని కూడా చెప్పకుండా వెళ్లిపోయారు. చెప్పడానికి మొహం చెల్లలేదేమో పాపం. అలాంటి రోజుల్లో మా కూతురి కొడుకు మాస్కు గడ్డం కిందికి లాక్కుని, పళ్లన్నీ కనపడేలా నవ్వుతూ గడపలో నిలబడ్డాడు. వాడిది ఇళ్ల సామాన్లు ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేరవేసే లారీల వ్యాపారం.

"అమ్మమ్మా, నోరు తెరువు. ఇంకో బండి కొన్న."

"ఇప్పుడా?"

"ఇప్పుడే మరి! గిరాకీ మస్తుంది అమ్మమ్మా. సగం సిటీ ఖాళీ అయితుంది. హాస్టళ్లు, రూములు, ఆఫీసులు... ఫోన్ ఎత్తలేక పరేషాన్ అయితున్న."

వాడిని తిట్టబుద్ధి కాలేదు. చదువు అబ్బక, ఉద్యోగం దొరక్క, అప్పు చేసి బండి కొన్న పిల్లవాడు. ఇన్నాళ్లకు చేతినిండా పని దొరికితే సంబరపడడా? మిఠాయి నోట్లో పెట్టుకున్నాను. గిరాకీ అన్న ఆ మాటను ఇదే సంబరంతో, ఇలాగే గడపలో నిలబడి మా నాయిన అనగా విన్నదాన్ని నేను. ఎనభై ఏళ్లు దాటాక కొత్త సంగతి ఒక్కటైనా చూసి పోతానేమో అనుకున్నాను. నా మొహం, ఏం లేదు. చరిత్ర తిరిగి వస్తుందా రాదా అని పెద్దవాళ్లు పుస్తకాలకు పుస్తకాలు రాస్తారు. తిరిగి రావడానికి అదసలు ఎక్కడికైనా పోతే గదా! మన ఇంట్లోనే ఒక మూల కూర్చుని, పిలవడమే తడవుగా లేచి వస్తుంది. ఇదంతా వాడికి వెంటనే చెప్పే ఓపిక నాకు లేకపోయింది. కూర్చోమన్నాను, మంచినీళ్లు ఇచ్చాను.

మా నాయిన పేరు రాములు. సికింద్రాబాద్‌లో మోండా మార్కెట్ వెనక సందులో ఆయనకు ట్రంకు పెట్టెల దుకాణం ఉండేది. ఇల్లు మెట్టుగూడలో. బడి లేని రోజుల్లో అమ్మ జొన్నరొట్టెలూ, పప్పూ టిఫిను డబ్బాలో సర్ది ఇస్తే నేను చిలకలగూడ మీదుగా నడిచి తీసుకెళ్లేదాన్ని. సందు మొదట్లోకి రాగానే రేకు మీద కొయ్యసుత్తి దెబ్బలు వినపడేవి. ఇంకాస్త దగ్గరికి వస్తే, అతుకుకు మాటు వేసేముందు రేకుకు పూసే తేజాబు అనే యాసిడ్ ఘాటు గొంతు పట్టుకునేది. దాని వెనకనే అవిసెనూనె, టర్పెంటైన్ కలిసిన చల్లని వాసన. ఘాటు నాయినది, నూనె వాసన ఖాదర్ చాచాది. నాయిన పెట్టె చేసేవాడు, చాచా దానికి రంగు వేసేవాడు. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే ఉస్తాదు దగ్గర తన్నులు తిన్నవాళ్లు. పెద్దయ్యాక ఒకే దుకాణంలో కూర్చున్నారు. రేకు, దుకాణం నాయినవి కాబట్టి చాచాకు రంగు వేసిన పెట్టెకింత అని ముట్టేది. ఆ లెక్క ఎంతో నాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా ఎవరికీ ఉండేది కాదు. ఇద్దరి ఇళ్లలోనూ పూట గడిచేది, అంతే.

ఆ కాలంలో ట్రంకు పెట్టె అంటే పెళ్లి. సికింద్రాబాద్ చుట్టుపక్కల ఏ ఇంట్లో పెళ్లి కుదిరినా ఆ ఇంటి పెద్దలు ముందుగా మా సందుకే వచ్చేవాళ్లు. నీలమో, ఆకుపచ్చో పూత వేసి, అది ఆరాక మూత మీద పూలు, మూలలకు తీగలు, మధ్యలో పెళ్లికూతురి పేరు వేసేవాడు చాచా. పేరు తెలుగువాళ్లకు తెలుగులో, ఉర్దూ చదివేవాళ్లకు ఉర్దూలో, లాలాగూడ రైల్వే క్వార్టర్ల నుంచి వచ్చే క్రైస్తవులకు ఇంగ్లీషులో. ఉర్దూ తప్ప ఇంకేదీ ఆయనకు చదవడం రాదు. కాగితం మీద రాసిస్తే చూసి, బొమ్మ వేసినట్టు అక్షరాలు వేసేవాడు. తప్పు పోయేది కాదు.

అయితే బ్రష్షు ముంచేముందు ఆయనకొక పట్టుదల ఉండేది. పెళ్లికూతురికి ఏ పువ్వు ఇష్టమో తెలిస్తే తప్ప గీత గీయడు. "బిడ్డకేం పువ్విష్టం?" అని అడిగేవాడు. వచ్చిన పెద్దమనుషులు మొహమొహాలు చూసుకునేవాళ్లు. "దాన్నేం అడుగుతవ్ ఖాదర్ భాయ్, ఏదో ఒకటి ఎయ్యరాదు" అనేవాళ్లు. "ఏదో ఒకటి ఏసుడు నాకు రాదు సాబ్. జెర ఇంటికి పోయి అడిగి రాండ్రి" అని చేతులు కట్టుకుని కూర్చునేవాడు. చచ్చినట్టు వెనక్కి పోయి అడిగి వచ్చేవాళ్లు. మగపిల్లవాణ్ణి అడిగి, వాడి మేనమామను అడిగి, పురోహితుణ్ణి అడిగి, ఆ పిల్లను మాత్రం ఎవరూ ఏమీ అడగని రోజులవి. ఒక పెళ్లికూతురు గుమ్మడి పువ్వు అని చెప్పి పంపిందట. తెచ్చిన కబురు చెప్పడానికి ఆమె తండ్రి సిగ్గుతో చచ్చిపోయాడు. నాయిన పగలబడి నవ్వాడు గానీ చాచా నవ్వలేదు. మూత నిండేలా పచ్చని గుమ్మడి పువ్వు వేశాడు. దాన్ని చూడడానికి సందులోవాళ్లంతా వచ్చారు. నన్ను కూడా అడిగేవాడు, నీకేం పువ్వు బేటీ అని. నేను రోజుకొకటి చెప్పేదాన్ని. "జెర ఒకటి ఖాయం జెయ్యి బేటీ, లేకుంటే నీ షాదీ ఆగిపోతది" అని బెదిరించేవాడు.

చాచా ఇల్లు మెట్టుగూడలో మా ఇంటి పక్కనే. మధ్యలో నడుమెత్తు గోడ. చాచీకి కోళ్లంటే ప్రాణం. గోడకు అవతల ఉండాల్సిన ఆ కోళ్లు ఎప్పుడూ ఇవతలే ఉండేవి. మా నాయనమ్మ వాకిట్లో చాప పరిచి వడియాలు పెట్టి, కర్ర పట్టుకుని కాపలా కూర్చునేది. కాస్త కునుకు పట్టిందా, కోళ్లు చాప ఎక్కేవి. ఇక చూడండి. "ఓ జులేఖా! నీ కోళ్లు పాడుగాను! మా వడియాలు మేపుడేనా వాటికి?" అని నాయనమ్మ, "మీ వడియాల్ల ఉప్పెక్కువైంది అమ్మా, నా కోళ్లు నీళ్లు తాగి తాగి పరేషాన్ అయితున్నయ్" అని చాచీ. తగువు గోడకు రెండువైపులా మధ్యాహ్నం దాకా సాగి, మాపటికి చాచీ గోడ మీద రెండు గుడ్లు పెట్టి పోతే చల్లారేది. నాయనమ్మ గుడ్డు ముట్టేది కాదు, మాకు వండించేది. తిట్టేటప్పుడు గుడ్లు గుర్తుకు రావా అని అమ్మ అడిగితే, "తిట్లు కోళ్లకు, గుడ్లు పిల్లలకు" అనేది.

తరువాత గొడవలు వచ్చాయి. దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది గానీ మా హైదరాబాద్ స్టేట్ అందులో కలవలేదు. జిల్లాల్లో ఊళ్లు తగలబడుతున్నాయని రోజుకో కబురు. భయంతో ఎంతోమంది రాజ్యం దాటి బెజవాడకో, షోలాపూర్‌కో ప్రయాణం కట్టారు. సికింద్రాబాద్ స్టేషన్ వాళ్లందరికీ దారి. ఊరు విడిచేవాళ్లకు పెట్టె కావాలి గదా. మా సందు కిటకిటలాడింది. కంటోన్మెంట్ దండు నుంచి పోయిన తెల్లసైనికులు వదిలేసిన రేకు సామాను వేలంలో దొరికితే నాయిన దాన్ని కొని, కోసి పెట్టెలు చేశాడు. ఇద్దరు పనివాళ్లను పెట్టుకున్నాడు. అన్నం తినడానికి కూడా లేవకుండా నేను తెచ్చిన రొట్టె ఒక చేత్తో తింటూ ఇంకో చేత్తో రేకు మడిచేవాడు. ఒకరోజు ఇంటికి వచ్చి గడపలోనే నిలబడి "గిరాకీ అంటే గిట్లుండాలె!" అన్నాడు. నాయనమ్మ మంచం మీద నుంచే అందుకుంది.

"ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే, సుట్టకు నిప్పడిగిండట ఇంకొకడు. గట్లున్నది నీ యవ్వారం."

"నేను నిప్పు పెట్టిన్నా అవ్వా? పోయెటోళ్లకు పెట్టె గావాలె, చేసిస్తున్న. గది సుత తప్పేనా?"

తప్పా ఒప్పా నాకు ఇప్పటికీ తెలియదు. అమ్మకు కొత్త కమ్మలు వచ్చాయి. గోడకు గంటలు కొట్టే గడియారం వచ్చింది. అదే కాలంలో బయటి నుంచి సరుకులు రాకుండా యూనియన్ సర్కారు దారులు మూసేసింది. ఉప్పు దొరకలేదు, కిరసనాయిలు దొరకలేదు, జ్వరానికి మందు దొరకలేదు. కొత్త గడియారం కింద బాసిపట్టు వేసుకుని కూర్చుని మేమంతా చప్పిడి కూడు తిన్నాం. కలిమి, లేమి ఒక ఇంట్లోనే కాపురం ఉంటాయని ఎవరైనా చెబితే నేను వెంటనే నమ్ముతాను, తిన్నదాన్ని కాబట్టి.

ఆ గిరాకీలో ఒక మార్పు వచ్చింది. అప్పట్లో అది మార్పుగా ఎవరూ పట్టించుకోలేదు. వచ్చినవాళ్లు పూలు వద్దన్నారు. "నల్లపూత చాలు, రేపటికి కావాలె" అన్నారు. పేరు అసలే వద్దన్నారు. రైల్లో పెట్టె మీది పేరు చూస్తే ఎక్కినవాడు ఎవడో, ఏ మతం వాడో తెలిసిపోతుంది. ఏ స్టేషన్‌లో ఎవరు ఎక్కుతారో ఎవరికి తెలుసు? పేరున్న పాత పెట్టెలను కూడా తెచ్చి, ఆ పేరు కనపడకుండా తుడిచిపెట్టమన్నారు. చాచా తన చేతితో వేసిన పేర్ల మీద, పూల మీద తనే నల్లరంగు పూశాడు కొన్నాళ్లు. గుమ్మడి పువ్వు పెట్టె కూడా అలాగే వచ్చింది. దాన్ని ముందు పెట్టుకుని ఆయన చాలాసేపు ఊరికే కూర్చున్నాడు. నాయిన చూడలేక బ్రష్షు లాక్కున్నాడు. "నువ్వు జెయ్యకు ఖాదర్. గీ పాపపు పని నీకెందుకు? నేను పూస్త తియ్యి" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. నల్లపూతకు పనితనం ఏముంది, ఆ రోజు నుంచి పనివాళ్లే వెడల్పు బ్రష్షుతో పూసేశారు. చాచా మాత్రం రోజూ వచ్చి తన మూలలో కూర్చునేవాడు. రంగు డబ్బాల మీద మీగడలా పొర కట్టింది. నేను దాన్ని పుల్లతో పొడిచి ఆడుకునేదాన్ని, ఆయన ఏమనేవాడు కాదు.

యూనియన్ సైన్యం వచ్చింది, ఆ పోలీస్ యాక్షన్ కొద్ది రోజుల్లోనే ముగిసింది. మిలిటరీ లారీలు వచ్చాయి, జెండాలు ఎగిరాయి, అందరికీ ఉప్పు దొరికింది. పోయినవాళ్లు తిరిగి రావడం మొదలుపెట్టారు. ఇక పెట్టెల పని అయిపోయినట్టే అని నాయిన దిగులుపడ్డాడు. ఎంత అమాయకుడు! ఈసారి ఇంకోవైపు జనం, ముస్లింలు, ప్రయాణం కట్టారు. సర్కారు నౌకరీలు ఊడినవాళ్లు, జిల్లాల్లో అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్లు, బొంబాయి పోయి ఓడెక్కుతామనేవాళ్లు. వచ్చే రైళ్లలో మా పెట్టెలే, పోయే రైళ్లలోనూ మా పెట్టెలే. మొన్న బెజవాడ వెళ్లినవాళ్లు పడ్డ భయమే ఇప్పుడు ఇంకొకరి కళ్లలో. మాట మాత్రం మారలేదు. "నల్లపూత చాలు. పేరొద్దు. రేపటికి కావాలె." నాయిన ఇంకో పనివాణ్ణి పెట్టుకున్నాడు.

అప్పుడే చాచీ కోళ్లు తగ్గడం మొదలైంది. ముందు పుంజు కనపడలేదు. తరువాత చుక్కల పెట్ట. నాయనమ్మ "పీడ వదిలింది, నా వడియాలు బతికినయ్" అని సంబరపడింది మొదట. ఆ తరువాత వాకిట్లో చాప పరిచి, కర్ర పక్కన పెట్టుకుని, గోడకేసి చూస్తూ కూర్చునేది. "ఏందే, ఒక్కటి గూడ వస్తలేదు?" అని నన్ను అడిగేది. చాచీ వాటిని ఒక్కొక్కటిగా అమ్ముతోందని అమ్మ కనుక్కుంది. నాయినకు ఆ మాట చేరగానే మొహం పాలిపోయింది.

"అమ్ముతున్నరంటే పోతున్నరన్నట్టే. వాళ్ల బావమర్ది బొంబాయిల ఉన్నడు, రమ్మంటున్నడట. అందరు పోతున్నరని ఈనకు సుత భయం జొచ్చింది."

"భయమో ఇంకొకటో పోయి అడుగరాదురా" అంది నాయనమ్మ.

"అడిగితే చెప్తడా వాడు? నాకెరుక వాని సంగతి. నేను పోనిస్తనా?"

నాయిన చేసిన పని చెబితే ఇప్పుడు నవ్వుతారు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి పెట్టెలు చేసిన మనిషి ఆయన. ప్రయాణమంటే పెట్టెతోనే మొదలవుతుందని ఆయన నమ్మకం. సందులో ఉన్న పెట్టెల దుకాణాలన్నీ తిరిగి, ఖాదర్ వస్తే ఎవరూ పెట్టె అమ్మకండి, రేకు లేదని చెప్పండి అని చేతులు పట్టుకుని బతిమాలాడు. తను మాత్రం చాచా ఎప్పుడు అడుగుతాడా అని, అడిగితే ఏ సాకు చెప్పాలా అని రోజూ సిద్ధంగా ఉండేవాడు. వారాలు గడిచాయి, చాచా అడగలేదు. నాయిన మొహం తేటపడింది. "చూసినవా? పెట్టె అడుగుతలేడు. మనసు మార్చుకున్నడు" అని అమ్మతో అన్నాడు. అమ్మ రొట్టె తిప్పింది. ఆ రోజుల్లో చాచా దుకాణానికి రావడమే తగ్గించాడు. నాయిన అది గమనించాడో లేదో. గమనించినా, జనం లైనులో నిలబడి ఉండగా లేచి పోయి అడిగే తీరిక ఎక్కడిది?

శ్రీకాంత్ మిఠాయి డబ్బా ముందు పెట్టుకుని కూర్చుంటే ఇవన్నీ నా కళ్ల ముందు తిరిగాయి. వాడిని అడిగాను.

"నీ దగ్గర పనిచేసెటోళ్లు అందరు మంచిగున్నరా? ఎవరన్న రాకుండ మానేసిన్రా?"

"అందరున్నరు. రాజన్న ఒక్కడే వస్తలేడు. మంచాలు, బీరువాలు విప్పి, కొత్త ఇంట్ల మళ్ల బిగించేటాయన. నీకెరుకే గద."

"ఎందుకొస్తలేడు?"

"ఏమో అమ్మమ్మా. కరోనా గద, భయపడ్డడేమో. ఇప్పుడు బిగించుడు పని గూడ లేదు. అందరు ఉన్నయి ఉన్నట్టు అగ్గువకు అమ్ముకొని మూటలతోని పోతున్నరు."

"పోయి చూసినవా ఆయన్ని?"

"టైమ్ ఏది?" అని ఫోన్ మోగితే లేచి బయటికి పోయాడు. నాకు చాలా కోపం వచ్చింది, వాడి మీద కాదు. ఎవరి మీదో చెప్పలేను. ఇన్నేళ్లలో వీధులు మారాయి, బండ్లు మారాయి, మనుషులు వాడే మాటలు మారాయి. ఈ ఒక్కటి ఎందుకు మారలేదని కోపం. మనిషికి పని పెరిగితే పక్క మనిషి కనపడడు. చెడ్డవాడై కాదు, మెడ తిప్పడానికి వ్యవధి లేక. నేను చూసిన గిరాకీలన్నింటిలో ఇదే జరిగింది. నాకు ఇక విసుగొచ్చింది. వాడు లోపలికి వచ్చాక ఇదంతా, మిగతాది కూడా చెప్పాను. ఇక్కడా చెబుతాను.

ఒకరోజు పొద్దున నాయిన బట్టలు వేసుకుంటుండగా నాయనమ్మ గోడ దగ్గర్నుంచి కేక వేసింది. పక్కింటికి తాళం. తెల్లారకముందే వెళ్లినట్టున్నారు. నాయిన చెప్పులు కూడా వేసుకోకుండా పరుగు తీశాడు. అమ్మ అప్పుడే సర్ది ఇచ్చిన టిఫిను చేతిలో ఉండగా నేనూ వెనకే పరుగెత్తాను. స్టేషన్‌లో ప్లాట్‌ఫారం మీద ఇసుక వేస్తే రాలనంత జనం. ఎటు చూసినా మా నల్లపెట్టెలే. వాటి మీద ఆడవాళ్లు, పిల్లలు కూర్చుని ఉన్నారు. వాళ్ల మధ్య చివర, నేల మీద, రెండు దుప్పటి మూటలు ముందు పెట్టుకుని చాచా, చాచీ కూర్చుని ఉన్నారు. చాచీ బురఖా లోపల ఏడుస్తోందని భుజాలు చూస్తే తెలిసింది. నాయిన ఆయన ముందు గొంతుకు కూర్చుని, ఆయాసపడుతూనే మూటలు చూపించాడు.

"గీ మూటలతోని పోతవా ఖాదర్? పెట్టె అడుగవేందిరా నన్ను?"

"అడిగితే ఇచ్చేటోనివా?" చాచా నవ్వాడు. "సందుల అందరికి చెప్పినవట గద, ఖాదర్‌కు సందూక్ ఇయ్యకుండ్రి అని. విని ఖుష్ అయిన యార్. నన్ను గూడ ఆపేటోడు ఒకడున్నడని. లేకిన్, సందూక్‌ల పెట్టేటందుకు నా దగ్గర ఏమున్నది రాములూ?"

నాయిన ఒక మూటను చేత్తో తడిమి చూశాడు.

"భయపడి పోతున్నవనుకున్న" అన్నాడు.

"భయమైతే తలుపేసుకొని ఇంట్లనే కూసుందును. పని లేదు రాములూ. పూలెవరికి గావాలె ఇప్పుడు? ఎన్ని దినాలాయె నా బ్రష్షు తడిసి? ఇంట్ల ఉన్నవన్ని అమ్మినం. కోళ్లు అయిపోయినయ్. బొంబాయిల సైన్‌బోర్డులు రాసేటోళ్లు గావాలంటున్నరు, పోతున్న."

"నాకొక్క మాట చెప్పకపోతివి?"

"రోజు నీ ముందరనే కూసున్న గదా" అన్నాడు చాచా. ఆ మాటలో కోపం లేదు, అందుకే నాకు ఇంకా ఏడుపు వచ్చింది. "నీకు గిరాకీ ఉండె. నీకు తీరికేది?"

రైలు వచ్చింది. జనం మీద జనం పడ్డారు. నాయిన ఒక మూట తన భుజాన వేసుకుని, తోసుకుంటూ వాళ్లిద్దరినీ ఎక్కించాడు. నా చేతిలోని టిఫిను కిటికీలోంచి చాచీకి అందించాను. చాచా నా తల మీద చెయ్యి పెట్టాడు. ఆ తరువాత వాళ్ల గురించి మాకు ఏ కబురూ తెలియలేదు. ఆ ఇంట్లోకి ఎవరో వచ్చి చేరారు. నా పెళ్లికి నాయిన పెట్టె చేశాడు, దానికి రంగు వేయించలేదు.

స్టేషన్ నుంచి నాయిన ఇంటికి రాలేదు. ఉత్తకాళ్లతోనే నేరుగా మోండా వైపు నడిచాడు. నేను వెనకే పోయాను. దుకాణం ముందు అప్పటికే జనం ఉన్నారు. ఇంత ఆలస్యమైతే ఎట్లా, మాపటి రైలుకు పోవాలి అని ఒకాయన అరుస్తున్నాడు. నాయిన మొలతాడుకు కట్టుకున్న తాళంచెవి తీసి తలుపులు తెరిచి, సుత్తి అందుకున్నాడు. నేను ఒక్కదాన్నే ఇంటికి తిరిగొచ్చాను. నాయనమ్మ గడపలోనే కూర్చుని ఉంది.

"పోయిన్రా?"

"పోయిన్రు."

"మీ నాయినేడి?"

"దుకాణం తెరిచిండు."

నాయనమ్మ ఏదో తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. నన్ను దగ్గరికి లాక్కుని, నా మొహం కొంగుతో తుడిచి, అదే కొంగు తన నోటికి అడ్డం పెట్టుకుంది.

"తెరువక ఏం జేస్తడే బిడ్డా" అంది. "ఏం జేస్తడు."